దొరవారు, దొరతనమువారు, మల్లుదొర

ఆంధ్రపత్రిక పాత సంచికల్లో ‘దొర’ అన్న మాట తగలగానే నేను ముందు దాని తోక చూస్తాను. దొరవారా, దొరగారా, దొరతనమువారా, లేక వట్టి దొరేనా? తోక చూడకుండా ముందుకెళ్లామా, వార్త సగం తప్పుగా అర్థమవుతుంది.

నేను పెళ్లికి ముందు ఒక తెలుగు పేపరు జిల్లా డెస్కులో సబ్‌ఎడిటర్‌ని. మాది నర్సీపట్నం. నాన్న చింతపల్లి వైపు బడుల్లో టీచరుగా పనిచేశారు. అత్తగారిల్లు జగిత్యాల దగ్గర. ధవళేశ్వరంలో పెద్దమ్మ, పెదనాన్న ఉన్నారు. ఈ మూడు చోట్లా ‘దొర’ అంటే మూడు రకాల మనుషులు. చిన్నప్పటి నుంచి ఈ మాట నన్ను వదలకపోవడానికి కారణం అదే అనుకుంటాను. పాత పేపర్లలో దాన్ని వెతకడం ఉద్యోగం మానేశాక అంటుకున్న పిచ్చి. ప్రెస్ అకాడమీ వాళ్లు పాత తెలుగు పత్రికలు చాలావరకు స్కాన్ చేసి పెట్టారు. అయితే అవన్నీ బొమ్మలు, మాట కొట్టి వెతికే వీలుండదు. ఒక్కో పేజీ కళ్లతో చదవాల్సిందే. వేటపాలెం సారస్వత నికేతనంలో కాగితం మీద చూసిన వాళ్లకి ఆ పని ఇంకా బాగా తెలుసు.

ముందు దొరతనమువారి సంగతి. పాత పేపర్లలో ఎక్కువ తికమక పెట్టేది ఇదే. ఈనాటి కన్నుతో చదివితే ఎవరో దర్పం ఉన్న పెద్దమనిషి అనిపిస్తుంది. కానే కాదు, అది ప్రభుత్వం. చెన్నపట్నపు దొరతనమువారంటే మద్రాసు ప్రభుత్వం, ఇండియా దొరతనమువారంటే పైన ఢిల్లీలో ఉండేది. దొరతనం అంటే అసలు దొర చేసే పని, పాలించడం. ఆ పనికి చివర ‘వారు’ తగిలించేసరికి అదే ఒక మనిషిలా తయారైంది. దొరతనమువారు యోచిస్తారు, సెలవిస్తారు, మన్నిస్తారు, అప్పుడప్పుడు అలుగుతారు కూడా. ఈస్టిండియా కంపెనీని కుంఫిణీవారు అన్నట్టే ఇదీను. 1858లో కుంఫిణీ పోయి రాణిగారి పాలన వచ్చింది, ‘వారు’ మాత్రం ఎక్కడికీ పోలేదు.

డెస్కు మీద పనిచేసిన దాన్ని కాబట్టి ఇందులో నాకు కనిపించే సుఖం వేరే ఉంది. కరణం నుంచి కార్యదర్శి దాకా ఎవడు ఏ తప్పు చేసినా ‘దొరతనమువారు’ అని రాసేస్తే సరిపోయేది, పేరు పెట్టక్కర్లేదు. మేము ‘అధికారులు’ అని రాసినట్టు. ‘అధికారుల నిర్లక్ష్యం’ అని హెడ్డింగ్ పెట్టి ఏ అధికారో చెప్పకుండా ఐటెం ముగించడం మా తరంతో మొదలైంది కాదన్నమాట.

ఇందులోనే ఒక తమాషా ఉంది. 1919 సంస్కరణల తర్వాత మద్రాసులో మనవాళ్లు మంత్రులయ్యారు. 1921 నుంచి 1926 దాకా ముఖ్యమంత్రి పానగల్లు రాజా, అంటే పానగంటి రామరాయణింగారు, అచ్చ తెలుగు మనిషి. కొన్ని శాఖలు మన చేతికి వచ్చినా, పోలీసు, రెవెన్యూ లాంటివి గవర్నరు చేతి కిందే ఉన్నాయి. ఆ రోజుల పేపర్లు చదువుతుంటే ‘దొరతనము’, ‘ప్రభుత్వము’, ‘గవర్నమెంటు’ మూడూ పక్కపక్కనే నడుస్తుంటాయి. కొన్నిచోట్ల ఒకే వ్యాసంలో నడుస్తాయి. దేనికి ఏది వాడాలన్న లెక్కేమైనా ఉందా అని చాలాసేపు వెతికాను. నాకు కనబడలేదు. రాసేవాడి చేతి అలవాటే అయ్యుంటుంది. ఆ తర్వాత ‘ప్రభుత్వము’ మిగతా రెండింటినీ తినేసింది.

ఇక మనుషులు. ఇంగ్లీషువాడి పేరు వెనక దొర అంటే మర్యాద అని అందరూ అనుకుంటారు. నిజమే, కానీ మర్యాద కంటే ఎక్కువగా అది ఒక గుర్తు. బ్రౌన్ దొర, మన్రో దొర, కాటన్ దొర. కలెక్టరు తెల్లవాడైతే కలెక్టరు దొరవారు. అదే కుర్చీలో మనవాడు కూర్చుంటే పంతులుగారు, నాయుడుగారు, పిళ్లెగారు, ముందు ఒక మ.రా.రా.శ్రీ. అంటే మహారాజరాజశ్రీ. కాస్త చదువూ ఆస్తీ ఉన్న ప్రతివాడికీ పేపర్లు ఈ అక్షరాలు తగిలించేవి, మహారాజు కానక్కర్లేదు. ఇప్పుడీ రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూడండి. పంతులు, నాయుడు, సెట్టి, పిళ్లె అన్న మాటలు కూర్చున్న చోటే దొర కూడా కూర్చుంది. తెల్లవాడు వచ్చాడు, మనవాళ్లు వాడికి మర్యాదతో పాటు ఒక కులం కూడా ఇచ్చి పేరు వెనక తగిలించారు. ఎక్కడి నుంచి వచ్చినవాణ్ణయినా తెలుగువాడు ముందు ఏ వరసలో కూర్చోబెట్టాలా అని చూస్తాడు!

అంతకంటే విచిత్రం ఇంకొకటుంది. ఇంగ్లీషువాళ్లలో నిజంగా బిరుదున్న లార్డుల్ని మన పేపర్లు దొర అనలేదు. కర్జన్ ప్రభువు, ఇర్విన్ ప్రభువు అన్నాయి. నైటు బిరుదున్నవాడు సర్. ఏ బిరుదూ లేనివాడికి దొర. అంటే నిఘంటువులో రాజు, ప్రభువు అని అర్థమున్న మాట పేపర్లోకొచ్చేసరికి తెల్లవాళ్లలో మామూలు వాళ్ల వాటా అయింది.

కాటన్ లాంటివాళ్ల దగ్గర మాత్రం ఈ లెక్క తప్పింది. కాటన్‌కి సర్ బిరుదు వచ్చింది, బోర్డుల మీద సర్ ఆర్థర్ కాటన్ అనే ఉంటుంది. మా పెదనాన్న నోట్లోంచి మాత్రం కాటన్ దొర అన్న మాటే వస్తుంది, అదీ చేతులు కొంచెం జోడించి. 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాడు, అంతకు ముందు కరువుతో, వరదతో ఏడ్చిన డెల్టా ఆ తర్వాత అన్నం తింది, పెదనాన్న లెక్క అంతే. గోదావరి రేవులో పితృదేవతలకి తర్పణం వదులుతూ కాటన్ పేరు కూడా చెప్పే పురోహితులున్నారు. ఆయనకి గోత్రం ఏం చెప్తారని అడిగితే పెదనాన్నకి కోపం వచ్చింది. “దొరకి గోత్రమేంటే, గోదారే ఆయన గోత్రం” అన్నారు.

మిషనరీలు దొరల్లో ఇంకో రకం. ఒంగోలు వైపు క్లౌ దొర పేరు ఇప్పటికీ చెప్తారు. అమెరికా బాప్టిస్టు జాన్ క్లౌ. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకి తీసుకుని, ఎక్కువగా మాదిగవాళ్లకి అందులో కూలి ఇప్పించాడు. 1878 జులై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఈయన సర్కారు మనిషి కాదు, ఇంగ్లీషువాడూ కాదు. అయినా దొరే. వాళ్ల ఆడవాళ్లు దొరసానులు. మిషను ఆసుపత్రి ఉన్న ఊళ్లలో దొరసానమ్మ అంటే డాక్టరమ్మ. పుట్టిన బిడ్డని ఎవరు తీశారంటే దొరసానమ్మ తీసిందని చెప్పిన ముసలమ్మల్ని మా అమ్మ ఎరుగుదును అంటుంది. అనీబిసెంటుని మాత్రం మన పేపర్లు ఎక్కువగా దొరసానిని చేయలేదు, బిసెంటమ్మగారిని చేశాయి. హోంరూలు కోసం 1917లో నిర్బంధంలోకి వెళ్లిన మనిషిని దొరసాని అనడానికి కలం రాలేదేమో.

ఇప్పుడు మా వైపు వద్దాం. నాకు అసలు చెప్పాలనున్నది ఇక్కడే ఉంది.

నాన్న హాజరుపట్టీలో దొరలు చాలామంది ఉండేవాళ్లు. ఆ పిల్లలకి చెప్పులుండేవి కావు. సోమదొర, చిన్నదొర, ఇలాంటి పేర్లు. వారపు సంతలో చింతపండు బుట్ట నెత్తిన పెట్టుకుని దిగేవాడూ దొరే, ఆ చింతపండుని తూకంలో మోసం చేసి కొనే షావుకారు మాత్రం దొర కాదు. మన్యంలో ఈ మాట ఇంగ్లీషువాడి కంటే పాతది. కొండల్లో ముఠాల, అంటే కొన్నేసి ఊళ్లు కలిసిన గుంపుల, పెత్తనం చేసిన కుటుంబాల నుంచి వచ్చింది. గిరిజన తెగల జాబితాలో ఇప్పటికీ కొండదొర, మన్నెదొర, ముఖదొర, రెడ్డిదొర అని ఉన్నాయి. 1879 రంప తిరుగుబాటులో కారం తమ్మన్నదొర ఉన్నాడు. అల్లూరి సీతారామరాజు పక్కన గాం గంటందొర, గాం మల్లుదొర ఉన్నారు. గంటందొర బట్టిపనుకుల మునసబు, ఆ పని ఊడగొట్టారు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా రోడ్డు వేయిస్తూ కొండవాళ్ల కూలి ఎగ్గొట్టిన డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ పేరు మా వైపు ఇప్పటికీ తిట్టులాగే పలుకుతారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి జరిగింది, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు చనిపోయారు. ఈ వార్తలు రాయాల్సి వచ్చిన ఆనాటి సబ్‌ఎడిటర్ కుర్చీలో నన్ను నేను ఊహించుకుంటూ ఉంటాను. చనిపోయిన ఇద్దరూ దొరలు. చంపిన జట్టులో ఉన్నవాళ్లూ దొరలు. కాల్పులు ఎవరు ఎవరి మీద జరిపారని చెప్పడానికి ఒకే మాట రెండువైపులా వాడాలి. పాఠకుడికి తికమక రాలేదా అంటే, రాలేదు. మళ్లీ తోకే కాపాడింది. తెల్లవాడి పేరుకీ దొరకీ మధ్య కాస్త ఎడం ఉంటుంది, వెనక ‘గారు’ గానీ ‘వారు’ గానీ ఉంటుంది. గంటందొర, మల్లుదొర అన్నప్పుడు రెండు మాటలూ అతుక్కుని ఉంటాయి, వెనక ఏమీ ఉండదు. అప్పటికీ అనుమానముంటే వాక్యం చివరికి వెళ్తే చాలు. దొరవారు సెలవిచ్చిరి. మల్లుదొర పట్టుబడెను. ‘ఇరి’కీ ‘ఎను’కీ మధ్య ఉన్నంత దూరం నర్సీపట్నానికీ లండన్‌కీ మధ్య కూడా లేదు.

సీతారామరాజుని 1924 మే 7న కాల్చేశారు. మల్లుదొరని అంతకుముందే, 1923లో పట్టుకుని, తర్వాత అండమాన్ పంపారు. ఆయన బతికి వచ్చాడు. 1952లో మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి గెలిచాడు. ఈ సంగతి మా జిల్లాలోనే చాలామందికి తెలియదు. సినిమాల పుణ్యమా అని సీతారామరాజు పక్కన తలపాగాలు చుట్టుకుని నిలబడేవాళ్లు గుర్తున్నారు గానీ, వాళ్లలో ఒకడు పార్లమెంటు మెంబరయ్యాడని గుర్తులేదు. స్వాతంత్ర్యం వచ్చాక పేపర్లు ఎంపీలందరికీ తగిలించిన ‘శ్రీ’ గాం మల్లుదొరకీ వచ్చింది. ఏకవచనం పోయింది. దానికి ఆయన ఓట్లలో నెగ్గాల్సి వచ్చింది, వైస్రాయి కింద కలెక్టరుగా దిగినవాడికి ఆ మర్యాద ఓడ దిగకముందే సిద్ధంగా ఉండేది.

డెస్కులో ఉన్నప్పుడు జరిగిన ఒక ముచ్చట చెప్పి తెలంగాణకి వెళ్తాను. ఏజెన్సీలో పోడు భూములకి పట్టాలిచ్చే కార్యక్రమం మీద మా కంట్రిబ్యూటర్ ఐటెం పంపాడు. దానికి ‘కొండదొరలకు పోడు పట్టాలు’ అని హెడ్డింగ్. సింగిల్ కాలంలో పట్టలేదని పేజీ పెట్టే కుర్రాడు ‘కొండ’ తీసేశాడు. ‘దొరలకు పోడు పట్టాలు’ అయింది. కరీంనగర్ నుంచి వచ్చి మా డెస్కులో కొత్తగా చేరిన అమ్మాయి ప్రూఫు చూసి పెన్ను కింద పెట్టేసింది. “దొరలకి పట్టాలేంటక్కా? వాళ్ల దగ్గరున్నవి గుంజుకోవాలె గానీ!” అంది. ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. తన దొర ఎవరో నాకు తెలియదు, నా దొర ఎవరో తనకి తెలియదు. ‘కొండ’ తిరిగి వచ్చింది, హెడ్డింగ్ మూడు లైన్లయింది.

పెళ్లయి వెళ్లాక నాకు ఆ అమ్మాయి మాట బాగా అర్థమైంది. మా అత్తమ్మ పాత సంగతులు చెప్పేటప్పుడు ‘దొర’ అంటుంది, పేరు చెప్పదు. ఏ దొర, ఏం పేరు అని అడిగితే, “పేరెందుకు బిడ్డా, దొర అంటే దొరనే” అంది. ఊళ్లో ఒక్కడే ఉంటాడు. గడి, అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు, అదీ ఊళ్లో ఒక్కటే. ఆంధ్రా వైపు దొరకి ముందు పేరో, తెగో, ఉద్యోగమో ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. ఇక్కడ ముందూ ఏమీ లేదు, వెనకా ఏమీ లేదు. ఏ తోకా లేని దొర దగ్గరే అందరికంటే ఎక్కువ భయముంది.

మరి పాత తెలంగాణ పేపర్లో ఈ దొర ఎలా కనిపిస్తాడు? సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక 1926 మేలో మొదలైంది, వారానికి రెండుసార్లు వచ్చేది. నిజాం కాలంలో తెలుగు పేపరు నడపడం కత్తిమీద సాము. అందులో వెట్టి గురించీ జాగీర్ల గురించీ చదువుతుంటే దేశముఖులు, జాగీర్దార్లు, పటేలు పట్వారీలు, వతన్‌దార్లు ఎక్కువగా కనిపిస్తారు. అంటే హోదా పేర్లు. జనం నోట్లో రోజుకి నూరుసార్లు నలిగే మాట అచ్చులోకి వచ్చేసరికి అధికారిక వేషం వేసుకుంది. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమురయ్య చనిపోయిన తూటా ఎవరి మనుషులది అంటే, చరిత్ర పుస్తకం విసునూరు దేశముఖ్ అంటుంది. ఊరు దొర అంటుంది.

1978లో కూడా అదే తంతు. సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల ఊరేగింపు జరిగింది, తర్వాత చుట్టుపక్కల ఊళ్లలో గడీలకి చాకలి మంగలి పనులు బంద్ పెట్టారు, అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్లలని కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పేపర్ల భాషలో వాళ్లు భూస్వాములు. అత్తమ్మకి అప్పట్లో ఎవరో పేపరు చదివి వినిపిస్తే, భూస్వాములంటే వేరే ఎవరో అనుకుందట. తమ దొర గురించే అని ఆమెకి తెలియలేదు. పేపరు భాష మర్యాదగా ఉండాలన్న పట్టింపు ఎంత పని చేస్తుందో చూడండి. వార్త ఎవరి గురించో, ఎవరి కోసమో, వాళ్లకే అందలేదు. ఈ విషయంలో మా వృత్తి మీద నాకు కోపమే.

ఆ మర్యాద ఇప్పుడు లేదు లెండి. ఎన్నికలొస్తే చాలు ‘దొరల పాలన’, ‘గడీల పాలన’ అని హెడ్డింగులు దంచేస్తారు. అక్కడా తోక ఉండదు, పేరూ ఉండదు. ఎవరిని అన్నారో చదివినవాళ్లకి తెలుస్తుంది, పరువునష్టం దావాకి దొరకదు.

గోదావరి జిల్లాల్లో ఇంకా దొరబాబులున్నారు, ముద్దు పేరు. పెళ్లిచూపుల్లో ‘పిల్లాడు దొరలా ఉన్నాడు’ అంటే ఎర్రగా ఉన్నాడని. క్రైం పేజీలో ‘దొరికితే దొంగ, దొరక్కపోతే దొర’ ప్రతి సబ్‌ఎడిటరూ జీవితంలో ఒక్కసారైనా హెడ్డింగ్ పెట్టి, తనే మొదట కనిపెట్టినట్టు మురిసిపోతాడు. ప్రాస దొరికితే తెలుగు డెస్కులు అర్థం గురించి పెద్దగా బెంగపెట్టుకోవు.

పక్క భాషల్లోనూ ఇదే మాట ఉంది. కన్నడంలో దొరె అంటే రాజు. తమిళంలో దురై. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ లాంటి పెద్ద పేపర్లు చాలాకాలం మద్రాసులోనే అచ్చయ్యాయి, అక్కడి తెలుగు డెస్కులకి తమిళ పేర్లు కొత్త కాదు. 1967లో అన్నాదురై మద్రాసు ముఖ్యమంత్రి అయినప్పుడు ఆయన్ని ఏ తెలుగు పేపరైనా ‘అన్నదొర’ అని రాసిందేమోనని ఆశగా వెతుకుతున్నాను. ఇంతవరకూ తగల్లేదు. తగిలితే ముందు మా పెదనాన్నకి ఫోన్ చేస్తాను, గోత్రం ఏం చెప్తారో అడగాలి.